గుమ్మం దాటిన లోమాట

"తాళాలు అక్కడ పెట్టమను," అన్నాడు బావగారు.

అన్నది తమ్ముడితో. తాళాలున్నది తమ్ముడి భార్య కొంగున. ఆయన మరదలితో నేరుగా మాట్లాడే మనిషి కాడు. మంచినీళ్లు కావాలన్నా తమ్ముడి మీదుగానే అడిగేవాడు. ఈ పొద్దున నేరం కూడా ఆ దారినే వచ్చింది.

కోడలు కొంగు ముడి విప్పి గుత్తిని భోజనాల బల్ల మీద పెట్టింది. ఎవరూ ముట్టని టీ గ్లాసుల మధ్య అది గలగలమని సర్దుకుంది.

"ఎక్కడికైనా వెళ్లమనేదుంటే అది కూడా ఇప్పుడే చెప్పెయ్యమనండి. దండెం మీద బట్టలున్నాయి, తీసుకోవాలి," అంది.

"చూశావట్రా, ఆ పెడసరం," అన్నాడు బావగారు.

భర్త చూడలేదు. టీ మీద కట్టిన మీగడని వేలితో గ్లాసు అంచుకి నెడుతూ కూర్చున్నాడు. అన్నకీ భార్యకీ మధ్య ఎప్పుడు చిక్కుకున్నా అతనికి ఏదో ఒక చిన్న పని దొరుకుతుంది.

నిన్న హోటలావిడ నవ్విన నవ్వు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నట్టుంది. అందరి మొహాల్లోనూ అదే వినిపిస్తోంది.

జరిగింది చిన్న విషయమే. కర్టెన్లకి గుడ్డ కొనడానికొచ్చిన హోటలావిడ ముందు, బావగారు మీటరు బద్ద సర్దుకుంటూ తమ్ముడితో లోమాటలో అన్నాడు: కింది తానులో నూలు తెగింది, అదే కోసెయ్యి, ఈవిడ కనిపెట్టలేదు. నాలుగు తరాలుగా ఆ కొట్లో అలాంటివి ఎన్ని అనుకున్నారో లెక్కే లేదు. కొనేవాళ్లు చిరునవ్వుతో చూస్తూ కూర్చునేవాళ్లు. నిన్న మాత్రం హోటలావిడ పకపకా నవ్వి, "తెగిన తాను నాకెందుకండీ, ఆ పైదే కొయ్యండి," అంది.

లోమాట వాళ్ల తాతముత్తాతలు గుడ్డల మూటలు మోసుకుంటూ ఊళ్లు తిరిగిన రోజుల్లో కట్టుకున్న భాష. ఎక్కడా రాసి లేదు. ఇంటి మనుషుల నోళ్లలోనే ఉంది. గుడ్డలో లోపం చెప్పడానికి అందులో ఎన్ని మాటలున్నాయో. దారం తెగితే ఒకటి, రంగు వెలిస్తే ఒకటి, అంచు చిరిగితే ఇంకొకటి. గుడ్డ బాగుంది అనడానికి మాత్రం ఒక్క మాటా లేదు. బాగున్న సరుకు సంగతి గుట్టుగా చెప్పుకోవలసిన అవసరం ఎవరికి వస్తుంది?

"వదినా," అంది ఆడపడుచు. కొట్టు వెనక కుట్టు మిషన్ల దగ్గర ఆవిడదే రాజ్యం. మెళ్లో టేపుతోనే నిద్ర లేస్తుందేమో అనిపిస్తుంది. "నువ్వు చెప్పలేదనే అనుకుందాం. మరి ఆవిడకెలా వచ్చింది? మా తాత కల్లోకి వచ్చి పాఠం చెప్పాడా?"

"మీ తాతగారిని నేనెరగను. నన్నడిగితే ఏం లాభం?"

"చెప్పేవాళ్లు ఈ ఇంట్లో ఇంకెవరున్నారో నువ్వే చెప్పు. అమ్మా? అన్నయ్యలా? నేనా?"

"నాకు రాని మాట నేనొకరికి ఎలా నేర్పుతాను?"

ఆ ముక్క అంటున్నప్పుడు కోడలి గొంతు వణకలేదు. ఆ అబద్ధానికి ఆమె గొంతు ఏనాడో అలవాటు పడింది.

లోమాట ఆమెకి వచ్చు. ఎవరూ నేర్పలేదు. కొట్టు వెనక తానులు మడతపెడుతూ మొదట ఒక్కో మాట పట్టుకుంది. తర్వాత కూతురు పుట్టింది. కుదురుగా ఒక చోట నిలవదని దానికి ఉడత అని పేరు పడింది. నాయనమ్మ ఉడతని ఒళ్లో వేసుకుని లోమాటలోనే ఆడించేది, తిట్టేది, నిద్రపుచ్చేది. "అమ్మ దగ్గర ఈ మాట ఆడకూడదు," అని కూడా ఆ మాటలోనే నేర్పింది. పిల్ల మాట నిలబెట్టుకుంది గాని, నిద్రలో మాత్రం అమ్మ పక్కనే పడుకుని లోమాటలో కలవరించేది. కన్నకూతురు కలలో ఏం చూసి భయపడుతోందో తెలుసుకోవాలని ఏ తల్లికి ఉండదు? అలా వచ్చింది మిగతా భాషంతా.

ఆ ఇంట్లో కోడళ్లకి లోమాట ఊరికే రాదు, రాకూడదు. అత్తగారు తనకి తోచిన రోజున, కొట్లో, అందరూ చూస్తుండగా కోడల్ని మొదటిసారి ఆ మాటలో పిలవాలి. దాన్ని పిలుపు అంటారు. అత్తయ్యకి ఆ పిలుపు పెళ్లయిన మరుసటేడే అందిందట. కోడలికి ఇంతవరకూ అందలేదు. ఎందుకని ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. పిలుపు అందని కోడల్ని లోమాటలో ఏమంటారో ఆమెకి తెలుసు. కొనడానికి వచ్చేవాళ్లకీ, కోడలికీ అక్కడ ఒకటే మాట. బయటిది.

"ఇవాళ తేలిపోవాలి," అన్నాడు బావగారు తమ్ముడితో. పెళ్లి మాటెత్తితే కొట్టు కట్టేసే వేళైందంటూ లేచిపోయే ఆ మనిషికి ఇంటి పరువు సంగతి వస్తే మాత్రం ఎంత తీరికో. "తేలకపోతే ఆవిణ్ణి పుట్టింట్లో దించి రా. ఉడత ఇక్కడే ఉంటుంది."

గ్లాసు అంచు మీద వేలు ఆగింది.

"ఉడత ఎందుకుంటుంది ఇక్కడ?" అంది కోడలు. మొదటిసారి బావగారి మొహంలోకి సూటిగా చూసి అడిగింది.

ఆయన తమ్ముడికి జవాబు చెప్పాడు. "మాట వచ్చిన పిల్లరా అది. ఈ ఇంటి పిల్ల. ఆ పుట్టింటివాళ్ల ముందు రెండు రోజులు వాగితే చాలు, ఇక మనకి మిగిలేదేముంది?"

"అంటే నా కూతురు నా కూతురు కాదు, మీ భాషకి కూతురంటారు."

ఆడపడుచు మెళ్లో టేపుని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. భర్త నోరు తెరిచి, టీ తాగి, మూశాడు.

ఇంతసేపూ అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని చీర కుచ్చెళ్లకి అంటుకున్న దారప్పోగులు ఏరుకుంటోంది. కొట్లో ఆవిడ మాటే చట్టం. అలాంటి మనిషి నిన్నటి నుంచీ ఈ గొడవలో ఒక్క మాటా కలపలేదు. అదే కోడలికి అన్నిటికంటే ఎక్కువ భయంగా ఉంది. నిన్న సాయంత్రం గ్యాస్ బండ తెచ్చినతనితో ఏదో అని, అతను బిక్కమొహం వేసుకుని నిలబడితే, "చెవుడేమో పాపం," అని విసుక్కుంది. అంతే, ఇక పెదవి విప్పలేదు.

ఇప్పుడు దారాలన్నీ ఉండ చేసి కిటికీలోంచి విసిరింది.

"హోటలావిడ మిగతా గుడ్డకి ఇవాళ వస్తానంది కదూ? కోడల్ని తీసుకొచ్చి కొట్లో నా పక్కన కూర్చోబెట్టండి."

"ఎందుకమ్మా?" అన్నాడు బావగారు.

"చూద్దాం," అంది అత్తయ్య.



*

గోడౌన్లో గుడ్డల బేళ్ల మధ్య ఇద్దరు పక్కపక్కన నడిచే చోటు లేదు. భర్త ముందు నడిచాడు. చివరిదాకా వెళ్లి, ఇక దారి లేక వెనక్కి తిరిగాడు.

"నాతో అయినా నిజం చెప్పు," అన్నాడు. "నీకు వచ్చా?"

"మీకెందుకొచ్చింది ఆ అనుమానం?"

"అనుమానం కాదు. అడుగుతున్నాను."

"పొద్దున అందరిలో అడగాల్సింది. మీ అన్నయ్య నా పిల్లని ఉంచేసుకుంటానంటుంటే మీరు మీగడ తీసుకుంటున్నారు."

"అన్నయ్యకి కోపం తగ్గాక మాట్లాడదామని..."

"ఆయనకి కోపం తగ్గగా ఎవరు చూశారు?"

అతనికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. ఆ ఆపుకోవడం ఆమె చూసింది. ఆమెకి చాలాకాలంగా అదంటేనే ఇష్టం. ఇవాళ దాన్నీ నమ్మలేకపోయింది. అన్న పంపితేనే వచ్చి అడుగుతున్నాడా? తలుపు అవతల ఎవరైనా ఉన్నారా? ఆమె కళ్లు తలుపు కింది సందు వైపు పోయాయి. వెలుతురే తప్ప కాళ్లేమీ కనబడలేదు.

"మీరే ఎందుకు నేర్పలేదు నాకు?" అంది.

"అమ్మ పిలవాలి గదా. నీకు తెలిసిందేగా."

"తెలుసు. అయినా అడుగుతున్నాను. పెళ్లాం కదా, ఒక్క మాటయినా చెబుదామని ఎప్పుడూ అనిపించలేదా?"

అతను బేలు మీద గోనెపట్టా దారం ఒకటి లాగాడు. తర్వాత, ఎవరికో చెబుతున్నట్టు, నెమ్మదిగా అన్నాడు.

"నాకు కోపం వస్తే లోమాటలోనే వస్తుంది. ఏడుపొచ్చినా అందులోనే. చిన్నప్పట్నుంచీ అంతే. నీతో తెలుగులో మాట్లాడుతున్నప్పుడు నేను కొంచెం మంచివాణ్ణి. నీకు ఆ మాట వస్తే ఆ మంచివాడు ఉండడు. అందుకే పిలుపు ఎంత ఆలస్యమైతే అంత మేలనుకున్నాను."

కోడలు బేలుకి చేరగిలబడింది.

అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ సంగతి ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? ఉడత పుట్టిన కొత్తలో, ఆమె నీరసంగా మంచం మీద ఉన్నప్పుడు, గుమ్మంలో నిలబడి అతను చెల్లెలితో లోమాటలో అన్నాడు: రంగు వెలిసిన సరుకు, తిప్పి పంపడానికీ లేదు. అన్నీ కొట్లో అప్పటికే ఆమెకి పట్టుబడిన మాటలే. చెల్లెలు కిసుక్కున నవ్వింది. అతను లోపలికి వచ్చి, ఆమె నుదురు మీద చెయ్యి వేసి, "ఏమన్నా కావాలా?" అని తెలుగులో అడిగాడు. చాలా మెత్తగా అడిగాడు.

రెండూ అతనివే. ఏది అసలు అతనో ఆమె ఇప్పటికీ తేల్చుకోలేదు. లోమాట వచ్చని ఒప్పుకుంటే అలాంటి మాటలన్నీ విన్నానని కూడా ఒప్పుకోవాలి. అప్పుడు ఈ ఇంట్లో ఎవరి కళ్లలోకి ఎవరు చూస్తారు? రాదు అనడమే అందరికీ సుఖం. ఇన్నాళ్లూ ఆమె కాపురం ఆ ఒక్క అబద్ధం మీద చక్కగా నిలబడింది.

"చెప్పు," అన్నాడతను. "వచ్చినా ఫర్వాలేదు. నేను చూసుకుంటాను."

ఫర్వాలేదనే మాట మీద అతని గొంతు సన్నబడింది. అతనికి తను విన్నదేంటో తెలుసుకోవాలని ఉందా, నేర్పిందెవరికో తెలుసుకోవాలని ఉందా?

"రాదు," అంది.

అతను తల ఊపాడు. ఊపిరి వదిలాడు. నమ్మినందుకు వదిలిన ఊపిరిలా లేదది. బతికిపోయాననుకున్నవాడి ఊపిరిలా ఉంది.

*

హోటలావిడ మధ్యాహ్నం వచ్చింది. గొడుగు గుమ్మంలో మూసి, చెప్పులు విడిచి, సొంతింట్లోకి వచ్చినంత చనువుగా కొట్లో పరుపు గద్దె మీద కూర్చుంది. మనిషి నిండుగా ఉంటుంది, మాట ఇంకా నిండుగా.

"నిన్న మిమ్మల్ని నవ్వించి పోయాను, ఏమనుకోలేదు కదా?" అంది బావగారితో.

"నవ్వింది మీరేనండీ," అన్నాడు బావగారు. మీటరు బద్ద పట్టుకుని కోత బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆయన చూపు హోటలావిడ మీద లేదు.

ఎవరి చూపూ ఆవిడ మీద లేదు. భర్త మెట్లపీట మీద నిలబడి పై అరలు సర్దుతున్నట్టు నటిస్తున్నాడు. తెర వెనక ఆడపడుచు మిషను నాలుగు కుట్లు నడుస్తుంది, ఆగుతుంది, తెర పక్కకి జరుగుతుంది. అందరూ కోడలి మొహంలోకే చూస్తున్నారు. హోటలావిడ కన్ను గీటుతుందా, ఈమె తల దించుకుంటుందా, ఇద్దరి మధ్యా ఏదైనా సైగ నడుస్తుందా అని.

కోడలు అత్తయ్య పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తప్పు చెయ్యని మనిషి మొహం ఎలా ఉంటుందో గుర్తు రావడం లేదు.

"ఎండగా ఉంది, కాసేపు అలా ఆనుకుని కూర్చోండి," అంది అత్తయ్య హోటలావిడతో. కబుర్లలో పడ్డారిద్దరూ. హోటల్లో పైఅంతస్తు గదులు, పడమటి కిటికీలు, ఎండకి నిలవని రంగులు. కోడలు వినీ విననట్టు వింటోంది.

అప్పుడు విన్నది.

"ఈ ఆకుపచ్చది తీసుకోకు తల్లీ, రెండు ఉతుకులకే వెలిసిపోతుంది," అంటోంది అత్తయ్య హోటలావిడతో.

అంటున్నది లోమాటలో.

హోటలావిడ ఆశ్చర్యపోలేదు. "మరి ఏది వెలవదు?" అని తెలుగులో అడిగింది, రోజూ జరిగే కబురే అన్నట్టు. అత్తయ్య జవాబు మళ్లీ లోమాటలో. ఆ తర్వాత ముక్క తెలుగులో. మళ్లీ లోమాట. ఎక్కడా అతుకు కనబడలేదు, ఆవిడ గొంతు మారలేదు. ఒక మాట వదిలి ఇంకో మాటలోకి వచ్చానన్న ఎరుక ఆ మొహంలో ఎక్కడా లేదు.



గ్యాస్ బండ అతను గుర్తొచ్చాడు. అతనికి చెవుడు లేదు. మధ్యాహ్నాలు కొడుకులు భోజనానికి వెళ్లినప్పుడు గద్దె మీద అత్తయ్య ఒక్కతే ఉంటుంది. హోటలావిడ ఎప్పుడూ ఆ వేళకే వస్తుంది. ఎన్ని మధ్యాహ్నాలు ఇలా గడిచాయో. ముసలావిడ ఏదో పాతకాలపు మాట కలుపుతోందనుకుని, ముచ్చటపడి, ఒక్కొక్కటే పట్టుకుని ఉంటుంది హోటలావిడ. కోడలు పట్టుకున్నట్టే.

బావగారి వైపు చూసింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. తల్లి మాటలు ఆయన చెవుల్లోనే పడుతున్నాయి, అయినా వినడం లేదు. అరల దగ్గర భర్తా అంతే. పుట్టినప్పటి నుంచీ ఆ రెండు భాషలూ ఒకే గొంతులో విన్నవాళ్లు. అమ్మ మాట్లాడుతోంది, అంతవరకే వాళ్లకి తెలుస్తుంది. అమ్మ ఏ మాటలో మాట్లాడుతోందో చెవి ఒగ్గి వినాల్సిన అవసరం ఈ ఇంట్లో ఒక్క మనిషికే పడింది. ఆ మనిషి బయటిది.

ఇప్పుడు లేచి చెబితే? గుమ్మం దాటించింది నేను కాదు, మీ అమ్మ, మీ ఎదురుగానే, ఇదిగో ఈ క్షణంలోనే అని చెబితే? ఉడత మిగులుతుంది. కాని మరుక్షణం అడుగుతారు, నీకెలా తెలిసింది అని. ఆ తర్వాత అత్తయ్యని ఈ గద్దె మీద మళ్లీ కూర్చోనివ్వరు. నలభై ఏళ్లు కొట్టు నడిపిన మనిషిని ఒక మూలగదిలో కూర్చోబెట్టి, ఆవిడ ఏమన్నా ఊ కొడతారు.

చెప్పకపోతే ఉడత పోతుంది.

ఆమె ఇంకా తూచుకుంటూనే ఉంది.

"ఆ కిటికీ పక్కనున్న నీలం తాను దింపవే, అంచు చిరిగినదానా."

అంచు చిరిగినది. ఆ మాటంటున్నది అత్తయ్య, లోమాటలోనే. లోమాటలో మంచిమాటలు లేవు కనుక అత్తయ్య ముద్దు కూడా లోపాలతోనే చేస్తుంది. ఆ పిలుపు కూతురికి ఉంది, ఉడతకి ఉంది. ఇంకెవరికీ లేదు. అందుకే కొడుకుల చెవికి కూడా ఈసారి అది తగిలింది.

ఆ సంగతంతా కోడలికి తట్టేసరికే ఆమె లేచి ఉంది. కిటికీ దాకా నడిచి ఉంది. నీలం తాను మీద ఆమె రెండు చేతులూ ఉన్నాయి.

మిషను ఆగింది. ఈసారి మళ్లీ మొదలవలేదు.

బావగారు మీటరు బద్దని బల్ల మీద పడుకోబెట్టాడు. పడుకోబెట్టినప్పుడు చప్పుడు కాకుండా జాగ్రత్తపడ్డాడు.

"తేలింది," అన్నాడు. ఈసారి తమ్ముడి మీదుగా కాదు. సూటిగా ఆమెతోనే.

మెట్లపీట మీద భర్త అలాగే నిలబడిపోయాడు. అతని కళ్లు ఆమెని చూడడం లేదు. ఏళ్ల వెనక్కి పోయి, గుమ్మాల్లో, వరండాల్లో, మంచం పక్కన తను అన్నవన్నీ ఒక్కొక్కటే ఏరుకుంటున్నట్టు కదులుతున్నాయి. ఒక చోట ఆగాయి. ఎక్కడ ఆగాయో ఆమెకి తెలిసింది.

"వదినా," అంది ఆడపడుచు తెర దగ్గర్నుంచి. మెళ్లోంచి టేపు తీసేసింది.

"ఏమైందండీ?" అంది హోటలావిడ అందరి మొహాలూ చూస్తూ. "నీలం బావుంటుందని పెద్దావిడ నాక్కూడా ఇప్పుడే చెప్పింది గదా."

ఆ ముక్క ఎవరూ చెవిన వేసుకోలేదు, కోడలు తప్ప.

ఆమె తానుని గుండెలకి ఆనించుకుని వెనక్కి వచ్చింది. అత్తయ్య ఎదురుగా దింపింది. ఆవిడ మొహంలోకి చూసింది. ఇది ఉచ్చా? పొద్దున చూద్దామన్నది దీనికేనా? లేక ఇన్నేళ్లకి వచ్చిన పిలుపా? లేక తెర అవతలున్న కూతురనుకుని తనని పిలిచిందా? అత్తయ్య కళ్లు తేటగానే ఉన్నాయి. వేళ్లు మాత్రం కత్తెరని ఊరికే తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. అది వయసో, భయమో. ఆ చూపు చెప్పమంటోందో, చెప్పొద్దంటోందో.

"నిలబడ్డావేం? కూర్చో," అంది అత్తయ్య. కత్తెర పక్కన పెట్టి, ఆమె మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టుకుంది. పట్టు వదల్లేదు. "ఇంతమంది ఎదురుగా చెప్పు. నీకీ మాట ఎవరి దగ్గర వచ్చింది?"

కొట్టంతా ఆ జవాబు కోసం ఆగింది. జవాబు కోడలి నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

అక్కడ ఆగిపోయింది. ఏ మాటలో చెప్పాలో చూసుకుందామని, అత్తయ్య అడిగింది ఏ మాటలోనో గుర్తు చేసుకోబోయింది.

గుర్తు రాలేదు. అత్తయ్య అడిగింది, తనకి అర్థమైంది. అంతవరకే ఆమెకి తెలుసు.